తన వేలితో తన కన్ను

అమెరికాలో దివాలా తీసిన బ్యాంకును స్వాధీనం చేసుకోవడానికి ప్రభుత్వం మామూలుగా శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతుంది. శని, ఆదివారాల్లో లెక్కలు సర్దుకుని సోమవారం పొద్దున కొత్త యజమాని పేరుతో తలుపులు తెరుస్తారు. వాషింగ్టన్ మ్యూచువల్‌కు ఆ ఒక్క రోజు గడువు కూడా దక్కలేదు. 2008 సెప్టెంబర్ 25, గురువారం సాయంత్రమే దాని ఊపిరి ఆగింది. దాని ఆస్తులు 30,700 కోట్ల డాలర్లు. ఆ దేశంలో అంత పెద్ద బ్యాంకు అంతకు ముందు కూలలేదు, ఆ తర్వాతా కూలలేదు. ఆ రాత్రే జేపీ మోర్గాన్ చేజ్ దాన్ని 190 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ రోజు బ్యాంకు పుట్టినరోజు కూడా. సరిగ్గా 119 ఏళ్లు నిండాయి.

సియాటిల్ జనం ముద్దుగా 'వామూ' అని పిలుచుకున్న ఆ బ్యాంకు చావుకు కారణాలు చాలామంది రాశారు. అడ్డగోలు అప్పులు, వాల్‌స్ట్రీట్ ఆకలి, నిద్రపోయిన నియంత్రణ అధికారులు, అన్నీ నిజమే. వాటి మధ్య కొట్టుకుపోయిన చిన్న సంగతి ఒకటుంది. ఇంటిని తాకట్టు పెట్టుకుని అప్పిచ్చేటప్పుడు ఆ ఇంటికి విలువ కట్టడానికి ఒక మనిషి వస్తాడు. అతను ఎవరి మనిషి? వామూ గనక ఈ ప్రశ్నకు సరైన జవాబు గుర్తుపెట్టుకుని ఉంటే బతికేదని నేను అనను. కానీ ఏం జరుగుతోందో తెలిసి చచ్చేది.

1889 జూన్‌లో సియాటిల్‌లో ఒక వడ్రంగి దుకాణంలో మరుగుతున్న జిగురు పొంగి మంట అంటుకుంది. చెక్క ఇళ్ల ఊరు. మర్నాడు తెల్లారేసరికి 120 ఎకరాల వ్యాపార కేంద్రం బూడిదైంది. ఊరు మళ్లీ కట్టుకోవాలి, కట్టుకోవడానికి డబ్బు కావాలి. ఆ అవసరంలోంచి సెప్టెంబర్ 25న ఒక గృహ రుణ సంఘం పుట్టింది. అదే 1917 నాటికి వాషింగ్టన్ మ్యూచువల్ సేవింగ్స్ బ్యాంకు అయింది. అప్పట్లో దానికి వాటాదారులు లేరు. డబ్బు దాచుకున్నవాళ్లదే బ్యాంకు. 1923 నుంచి బడిపిల్లల దగ్గర చిల్లర కూడా పొదుపుగా కట్టించుకుంది. సియాటిల్‌లో తాతలు, తండ్రులు, మనవలు వరసగా అందులోనే మొదటి ఖాతా తెరిచారు. 1930ల మహామాంద్యంలో వేల బ్యాంకులు మూతపడుతుంటే ఇది నిలబడింది. నిలబడటమే కాదు, పడిపోతున్న పక్క బ్యాంకును ఎత్తుకుంది కూడా. 1983లో వాటాలు అమ్మి మామూలు కంపెనీ అయింది. 1990లో కెర్రీ కిలింజర్ పగ్గాలు పట్టాడు. అమెరికన్ సేవింగ్స్, గ్రేట్ వెస్టర్న్, అహ్మాన్‌సన్ అంటూ కాలిఫోర్నియా పొదుపు సంస్థలను ఏడాదికొకటి చొప్పున మింగుతూ పోయాడు. 1999లో లాంగ్ బీచ్ అనే సబ్‌ప్రైమ్ అప్పుల కంపెనీని, అంటే తిరిగి కట్టే సత్తా అనుమానంగా ఉన్నవాళ్లకు అప్పులిచ్చే కంపెనీని కూడా కొన్నాడు. సియాటిల్‌కు చెందిన ఆ పొదుపు బ్యాంకు చివరికి 2,200కు పైగా శాఖలతో పలు రాష్ట్రాల్లో పరుచుకుంది.

'పవర్ ఆఫ్ యెస్' అని ప్రకటనలు వేసుకుంది. ఎవరు వచ్చి అడిగినా సరేననడమే దాని బలమట. అప్పిచ్చే వ్యాపారంలో అసలు విద్య కాదనడంలో ఉంటుంది. ఔననడానికి బ్యాంకు అక్కర్లేదు, సంచీ నిండా డబ్బుంటే చాలు.

ఆ కాలంలో వామూ మోజుగా అమ్మిన సరుకు ఆప్షన్ ఆర్మ్. నెలనెలా ఎంత కట్టాలో అప్పు తీసుకున్నవాడే ఎంచుకోవచ్చు. వడ్డీకి కూడా చాలనంత తక్కువ కట్టినా ఫరవాలేదు, మిగిలింది అసలుకు కలుస్తుంది. అంటే కడుతున్నకొద్దీ అప్పు పెరుగుతుంది. ఇలాంటి అప్పుకు ఉన్న ఒకే ఒక్క ఆధారం ఇంటి విలువ. ఆ విలువ నిజమైతే బ్యాంకు గట్టున పడుతుంది, అబద్ధమైతే మునుగుతుంది. కాబట్టి మిగతా ఏ బ్యాంకుకన్నా వామూకే తన మదింపుదారు చేతిలో కొలబద్ద సరిగ్గా ఉండటం అవసరం.

ఇక్కడ కాస్త ఆగి చట్టం సంగతి చెప్పుకోవాలి. మన ఊళ్లలో బంగారం తాకట్టు పెట్టడానికి బ్యాంకుకు వెళితే ఒక పక్కన అప్రైజర్ కూర్చుని ఉంటాడు. గీటురాయి మీద నగ గీసి, తూచి, రాళ్ల బరువు తీసేసి, చీటీ రాస్తాడు. అతని రుసుము అప్పు తీసుకునేవాళ్ల దగ్గరే పట్టుకుంటారు. అయినా అతను చూసేది బ్యాంకు కోసం. "నా డబ్బు తీసుకుని నా గొలుసుకే వంక పెడతావా" అని ఏ ఆడపడుచన్నా దెబ్బలాడితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఇంటి మదింపులోనూ అమెరికా వృత్తి ప్రమాణాలు చెప్పేది ఇదే. ఎవరు పని పురమాయించారో వాళ్లే క్లయింటు. ఫీజు ఎవరి జేబులోంచి వచ్చిందన్నది లెక్కలోకి రాదు. రిపోర్టు నకలు ఇంటాయన చేతికి వచ్చినంత మాత్రాన అతను క్లయింటు అయిపోడు. బ్యాంకు తరఫున మధ్యలో ఏ కంపెనీ ఆర్డరు ఇచ్చినా అది బ్యాంకు ఏజెంటు మాత్రమే, క్లయింటు బ్యాంకే.

అయితే బ్యాంకు అంటే ఎవరు? ఇదే అసలు ముడి. బ్యాంకులో అప్పులు అమ్మేవాళ్లుంటారు. ఎంత అప్పు ఇప్పిస్తే అంత కమిషన్. ఆ అప్పులు తిరిగొస్తాయా రావా అని కాచుకునేవాళ్లూ ఉంటారు. ఇద్దరి జీతమూ ఒకే ఖాతాలోంచి వస్తుంది, ఇద్దరి కార్డు మీదా ఒకే పేరు ఉంటుంది. 1980లలో అమెరికా పొదుపు సంస్థలు వందల్లో కూలినప్పుడు కారణాల్లో ఒకటిగా తేలింది ఉబ్బించిన మదింపులే. అందుకే 1989లో ఫెడరల్ చట్టం వచ్చింది. మదింపుదార్లకు రాష్ట్రాలు లైసెన్సులివ్వాలన్నారు, వృత్తి ప్రమాణాలు పాటించాలన్నారు. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు మదింపుదారుకూ అప్పులమ్మే విభాగానికీ మధ్య గోడ కట్టమన్నాయి. తెలుగులో చెప్పుకోవాలంటే, మదింపుదారు బ్యాంకు అమ్మే చేతికి చెందడు, కాచే కంటికి చెందుతాడు.

వామూలో ఆ కన్ను కొన్నాళ్లు బాగానే తెరుచుకుని ఉండేది. 2004లో అక్కడి రిస్క్ విభాగం ప్రధానాధికారి జేమ్స్ వనసెక్ అప్పుల పరిశీలకులకూ మదింపు సిబ్బందికీ ఒక మెమో పంపాడు. ఇళ్ల ధరలు బుడగలా ఉబ్బాయన్న హెచ్చరికలు విని విని చెవులు మొద్దుబారిపోయాయని, ఇప్పుడే జాగ్రత్తపడాలని, కాదనాల్సిన చోట కాదనమని అందులో సారం. ఆ మరుసటి ఏడాది ఆయన రిటైరయ్యాడు. అదే 2005లో దక్షిణ కాలిఫోర్నియాలోని రెండు శాఖలను బ్యాంకు లోపలివాళ్లే తనిఖీ చేశారు. చూసిన అప్పుల్లో ఒక చోట 58 శాతం, ఇంకో చోట 83 శాతంలో మోసం కనబడింది. ఆ శాఖలను నడిపినవాళ్లను ఏమీ చెయ్యలేదు. ఎక్కువ అప్పులమ్మినందుకు విహారయాత్రల బహుమతులు మాత్రం అందాయి. ఈ సంగతులన్నీ తర్వాత అమెరికా సెనేట్ విచారణలో బయటపడ్డవే.

2006లో వామూ తన సొంత మదింపు విభాగాన్ని మూసేసింది.

తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటారే, అదిది. ఖర్చు తగ్గుతుందన్నారు. ఆ పనిని బయటి కంపెనీలు రెండింటికి అప్పగించారు. ఒకటి ఎల్‌ఎస్‌ఐ, రెండోది ఫస్ట్ అమెరికన్ అనుబంధ సంస్థ ఈఅప్రైజ్‌ఐటీ. ఇవి మదింపు నిర్వహణ కంపెనీలు. బ్యాంకు దగ్గర ఆర్డరు తీసుకుని ఊరూరా ఉన్న మదింపుదార్లకు పంచుతాయి, ఫీజులో కొంత తమ దగ్గర ఉంచుకుంటాయి. ఈ ఏర్పాటులో తప్పేమీ లేదు, మధ్యవర్తి ఉంటే ఒత్తిడి తగలదని వాదించేవాళ్లూ ఉన్నారు. కానీ ఏడాదిన్నరలో ఈఅప్రైజ్‌ఐటీ వామూ కోసం రెండున్నర లక్షలకు పైగా మదింపులు చేయించి, అయిదు కోట్ల డాలర్లకు పైగా ఫీజు అందుకుంది. అంత పెద్ద ఖాతాదారు కనుబొమ్మ ముడిస్తే ఏ మధ్యవర్తి నిటారుగా నిలబడగలడు?

తర్వాత ఏం జరిగిందో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో 2007 నవంబర్ 1న ఫస్ట్ అమెరికన్, ఈఅప్రైజ్‌ఐటీల మీద వేసిన దావాలో ఉంది. విలువలు తక్కువ వస్తున్నాయని వామూలో అప్పులమ్మేవాళ్లు గోల పెట్టారు. వామూలో ఇదివరకు పనిచేసినవాళ్లను ఈఅప్రైజ్‌ఐటీ చేర్చుకుని, మదింపుదారు కట్టిన విలువను మార్చే అధికారం వాళ్లకిచ్చింది. విలువ చాలలేదనిపిస్తే పునఃపరిశీలన కోరడం రివాజైంది. ఆ మీదట వామూ ఇంకో అడుగు వేసింది. మీ ప్యానెల్ వద్దు, మేమిచ్చే జాబితాలోంచే మదింపుదార్లను పంపండి అంది. ఆ జాబితా పేర్లు ఎంచింది అప్పులమ్మే సిబ్బంది. ఇది నిబంధనలకు విరుద్ధమని ఈఅప్రైజ్‌ఐటీ పెద్దలకు తెలుసు, తమలో తాము ఈమెయిళ్లలో ఆ మాట రాసుకున్నారు కూడా. అయినా తలవంచారు. ఒప్పుకుంటే ఫస్ట్ అమెరికన్‌కు ఇతర వ్యాపారమూ పెరగవచ్చన్న ఆశ చూపారన్నది ఆ దావాలోని మరో ఆరోపణ.

ఇక్కడ ఏం మారిందో గమనించాలి. కాగితం మీద క్లయింటు పేరు మారలేదు. రిపోర్టు మీద ఎప్పటిలాగే వాషింగ్టన్ మ్యూచువల్ అనే ఉంది. ఆ పేరు వెనక కూర్చున్న మనిషి మారిపోయాడు. డిపాజిట్లను కాచుకోవాల్సినవాడి కుర్చీలో కమిషన్ లెక్కపెట్టుకునేవాడు కూర్చుని, 'నేనే క్లయింటును' అన్నాడు. ఎదుటివాళ్లు చిత్తం అన్నారు.

అందరూ అనలేదు. దేశమంతటా 11,000 మంది మదింపుదార్లు ఒక విజ్ఞాపన మీద సంతకాలు చేశారు. అప్పిచ్చే సంస్థలు మమ్మల్ని ఒత్తిడి చేస్తున్నాయి, నిజాయితీగా ఉన్నవాళ్లను నల్ల జాబితాలో పెట్టి పని లేకుండా చేస్తున్నాయి అని 2000 నుంచి 2007 దాకా మదింపుదార్ల సంఘాలు వాషింగ్టన్ అధికారుల తలుపులు తడుతూనే ఉన్నాయి. విలువ పెంచమని ఒత్తిడి ఎదురైందన్న మదింపుదార్లు 2003 సర్వేలో 55 శాతం, 2006 నాటికి 90 శాతం. కాలిఫోర్నియాలో ఒక మదింపుదారు 2007లో ఒక ఇంటి రిపోర్టులో ఆ ప్రాంతంలో ధరలు పడిపోతున్నాయని రాసింది. 'నిలకడగా ఉన్నాయి' అని మార్చమన్నారని, కాదన్నందుకు తనకు వామూ పనులు ఆగిపోయాయని ఆమె దావా వేసింది. ఆమె రాసింది నిజమో కాదో ఏడాది తిరగకుండానే కాలిఫోర్నియా అంతటికీ తెలిసింది. నిజానికి ఈ కథలో వామూ క్షేమం కోరిన మనుషులు ఇలాంటి వాళ్లే. వాళ్లనే గుమ్మం బయట నిలబెట్టారు.

క్యూమో దావాలో వామూ ముద్దాయి కాదు. ఫెడరల్ పర్యవేక్షణలో ఉన్న పొదుపు బ్యాంకు గనక రాష్ట్రం చేయి దాని మీదికి పోలేదు. విలువలు ఉబ్బిస్తే నష్టపోయేది మేమే కదా, మేమెందుకు అడుగుతాం అన్నట్టుగా బ్యాంకు సమాధానమిచ్చింది. ఆ వాదన వినడానికి ఎంత సబబుగా ఉంది! బ్యాంకంతా ఒకే మనిషైతే నిజమే అయ్యేది.

చివరి రోజులు త్వరగా చెప్పేస్తాను. 2008 ఏప్రిల్‌లో టీపీజీ అనే పెట్టుబడి సంస్థ ఆధ్వర్యంలో 700 కోట్ల డాలర్ల కొత్త డబ్బు వచ్చింది. అదంతా ఇసుకలో పోసిన నీళ్లయింది. రిస్క్ విభాగం తర్వాతి అధిపతి రోనాల్డ్ క్యాథ్‌కార్ట్‌ను ఆ వసంతంలోనే సాగనంపారు. సెప్టెంబర్ మొదట్లో కిలింజర్‌నూ పదవిలోంచి తప్పించారు. 15న వాల్‌స్ట్రీట్ బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. ఆ రోజు నుంచి పది రోజుల్లో డిపాజిటర్లు 1,670 కోట్ల డాలర్లు తీసేసుకున్నారు. డిపాజిట్లన్నీ చేజ్‌కు బదిలీ అయ్యాయి, దాచుకున్నవాళ్ల డబ్బులో ఒక్క సెంటు పోలేదు. వాటాదార్లకు మాత్రం దాదాపు ఏమీ మిగల్లేదు. వారిలో సొంత బ్యాంకు వాటాలనే ముసలితనానికి దాచుకున్న ఉద్యోగులు ఉన్నారు. సియాటిల్ ప్రధాన కార్యాలయంలో సుమారు 3,400 ఉద్యోగాలు ఎగిరిపోయాయి. రెండేళ్ల కిందటే కట్టుకున్న ఆకాశహర్మ్యం మీది పేరు తీసేశారు. కొన్న అప్పుల మీద చేజ్ వేసుకున్న నష్టం లెక్క దాదాపు 3,100 కోట్ల డాలర్లు. ఆ ఇళ్ల విలువలు ఎంతవరకు నిజమో చెప్పిన లెక్క అదే.

అప్పులిచ్చేటప్పుడు ఎవరికీ పట్టని క్లయింటు హోదా కోసం, తర్వాత అందరూ కోర్టుకెక్కారు. 2008లోనే ఇళ్ల యజమానులు దావా వేశారు. స్వతంత్ర మదింపు అని మా దగ్గర డబ్బు కట్టించుకున్నారు, మాకు దక్కింది అది కాదు అన్నారు. చట్టం లెక్కలో వాళ్లు క్లయింట్లు కారు. కానీ నెలనెలా వాయిదాలు కట్టింది, చివరికి తాళాలు అప్పగించి వీధిలో నిలబడింది వాళ్లలో చాలామందే. పైగా మదింపుదారు సంతకం చేసే ప్రామాణిక ఫారంలో, ఈ రిపోర్టును రుణగ్రహీతా, తర్వాత ఆ అప్పును కొనుక్కున్నవాళ్లూ నమ్ముకోవచ్చని ఒక వాక్యం ఉంటుంది. క్లయింటు ఒక్కడే, నమ్ముకున్నవాళ్లు వెయ్యిమంది. న్యూయార్క్ దావా రాష్ట్రానికి అసలు అధికారం ఉందా లేదా అన్న తగువుతోనే నాలుగేళ్లు నడిచింది. 2011 నవంబర్‌లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అధికారం ఉందంది. మరుసటి ఏడాది 78 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

వీటన్నిటిలో నా మనసును పట్టుకున్నది 2011 మే నెలలో పడ్డ దావాలు. కూలిన బ్యాంకుల ఆస్తులు చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఐసీ, వామూ తరఫున నిలబడి, ఆ రెండు మదింపు కంపెనీలను కోర్టుకు లాగింది. ఒకదాని మీద కనీసం 15 కోట్ల 40 లక్షల డాలర్లు, రెండోదాని మీద కనీసం 12 కోట్ల 90 లక్షలు అడిగింది. మదింపులు ఒప్పందం ప్రకారం చెయ్యలేదు, క్లయింటు అయిన బ్యాంకుకు నష్టం చేశారు అని ఫిర్యాదు. అంటే చచ్చిన బ్యాంకు లేచొచ్చి, 'మీ క్లయింటును నేను, మీరు మాట విన్నది నాది కాదు' అన్నట్టే. నాలుగేళ్ల కిందట ఏ బ్యాంకు మాట విన్నందుకు ఈఅప్రైజ్‌ఐటీని బోనెక్కించారో, ఇప్పుడా బ్యాంకు ప్రయోజనం కాపాడనందుకు దాని వ్యాపారాన్నే మళ్లీ బోనెక్కించారు.

ఇది అన్యాయం అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో క్లయింటు ఎవరన్న ప్రశ్నకు నిక్కచ్చిగా జవాబు చెప్పింది ఈ ఫిర్యాదే. క్లయింటు అంటే ఫోన్ చేసి గదమాయించినవాడు కాడు. వాడి జీతం ఆగాక కూడా, ఆ సంస్థే పోయాక కూడా మిగిలే ప్రయోజనం ఏదుందో అది. అయితే ఆ ప్రయోజనాన్ని ముందుగా అమ్ముకున్నది బ్యాంకు పెద్దలే. కిలింజర్‌తో పాటు మరో ఇద్దరి మీదా ఎఫ్‌డీఐసీ అదే ఏడాది 90 కోట్ల డాలర్లకు దావా వేసింది. చివరికి 6 కోట్ల 47 లక్షలకు రాజీపడింది, అందులోనూ సింహభాగం బీమా కంపెనీలు కట్టినదే.

తర్వాత నిబంధనలు బిగించారు. అప్పులమ్మే సిబ్బంది మదింపుదారును ఎంచకూడదన్న నియమం, క్యూమో ఒత్తిడితో, బ్యాంకుల దగ్గర ఇంటి అప్పులు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలు ఒప్పుకోగా, 2009 మే నుంచి అమలైంది. 2010 డాడ్–ఫ్రాంక్ చట్టం మదింపుదారును బెదిరించడం, ఆశపెట్టడం నేరుగా నిషేధించింది. చేదు సంగతేమిటంటే, ఈ నియమాల వల్ల బాగా పెరిగింది మధ్యవర్తి మదింపు కంపెనీల వ్యాపారమే. కథ ఎవరితో మొదలైందో లాభం వాళ్ల జాతికే చేరింది. మన దగ్గరా ఇంటి అప్పుకు బ్యాంకు ప్యానెల్ వాల్యూయరే వస్తాడు, ఖర్చు మనమే పెట్టుకుంటాం, రిపోర్టు మేనేజరు పేరు మీద వెళుతుంది. ఫలానా అంకె రాకపోతే ఫైలు కదలదన్న మాట ఆ వాల్యూయర్ల చెవులకూ కొత్త కాదు.

సియాటిల్ పక్కనే రెడ్‌మండ్, బెల్లెవ్యూల్లో ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగువాళ్లకు, అమెరికాలో మరెక్కడ కొనేవాళ్లకైనా చెప్పవలసింది ఒకటుంది. మీ మదింపు రిపోర్టు మొదటి పేజీలో 'లెండర్/క్లయింట్' అని ఒక గడి ఉంటుంది. ఫీజు మీరే కట్టినా అందులో మీ పేరుండదు. 2014 నుంచి ఉన్న నియమం ప్రకారం లావాదేవీ ముగియడానికి కనీసం మూడు పనిరోజుల ముందే దాని నకలు మీకు ఇచ్చి తీరాలి. తీసుకోండి, చదవండి. ఆ విలువ అప్పు గట్టెక్కడానికి కట్టిన విలువని గుర్తుంచుకోండి. మీ కోసం మదింపు కావాలంటే వేరే డబ్బిచ్చి, వేరే అప్రైజర్‌ను మీరే పెట్టుకోండి. అప్పుడు క్లయింటు మీరే అవుతారు.